బలి మాట వెనక దాక్కోవడం ఎందుకు?

ఆయుధపూజ దగ్గరపడితే చాలు, మా బెంగళూరు అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలు. కార్ల ముందు బూడిద గుమ్మడికాయ ఎక్కడ కొట్టాలన్న దగ్గర మొదలై జంతుబలి దాకా పోతుంది. ఒక పెద్దాయన "బలి అంటే నైవేద్యమండీ, రక్తం గోల తర్వాత ఎవరో అంటగట్టారు" అంటారు. ఒక కుర్రాడు వెంటనే "నరకడానికి పెట్టుకున్న ముద్దుపేరు అంకుల్ అది" అంటాడు.

పెద్దాయన మాటకు ఆధారం ఉంది, కాదనను. గృహస్థు రోజూ చేయాల్సిన పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం అంటే కాకికీ కుక్కకీ చీమకీ అన్నం పెట్టడమే, దాన్నే బలి అన్నారు. గుళ్లో ధ్వజస్తంభం దగ్గరుండే బలిపీఠం మీద వేసేదీ అన్నమే. ఇంకా వెనక్కి వెళ్తే బలి అంటే పన్ను! ఋగ్వేదంలో రాజుకు కప్పం తెచ్చే ప్రజలు బలిహృత్తులు. బుద్ధుడు పుట్టిన ఊరు కదా అని లుంబినికి బలి తీసేసినట్టు అశోకుడు అక్కడి స్తంభం మీద చెక్కించాడు. సంస్కృత నిఘంటువు అమరకోశం భాగధేయం, కరం, బలి మూడింటినీ పన్నుకు పేర్లుగా ఒకే వరుసలో పెట్టింది. కాళిదాసు రఘువంశంలో దిలీపుడనే రాజు ప్రజల మేలు కోసమే వాళ్ల దగ్గర బలి తీసుకున్నాడట. జీతంలో టీడీఎస్ కోత చూసినప్పుడల్లా నాకు ఈ అర్థమే సరైనదనిపిస్తుంది.

అయితే దీన్నిబట్టి మన పూర్వీకులు రక్తం ముట్టలేదని తేల్చేస్తే ఎలా? శ్రౌతయాగాల్లో, అంటే వేదం చెప్పిన పెద్ద యాగాల్లో, పశువును చంపారు. కాకపోతే ఆ పనిని ఆలంభనం అన్నారు, సంజ్ఞపనం అన్నారు. మొదటి మాటకు అర్థం తాకడం, రెండోదానికి ఒప్పించడం. ఊపిరాడకుండా చేసి చంపేవాడు శమిత, అంటే శాంతింపజేసేవాడు. కత్తి పట్టినవాళ్లకు లేని మొహమాటం మాటలు పేర్చినవాళ్లకే ఎక్కువ, అప్పుడైనా ఇప్పుడైనా. మా అనంతపురం వైపు జాతరలో పొట్టేలును కొడతాం అంటారు, అంతే. దాపరికం లేదు.

గుమ్మడికాయ సంగతీ చెప్పుకోవాలి. బలిదానం గురించి విడమరిచి చెప్పే కాళికాపురాణమే గుమ్మడికాయ, చెరకుగడ వంటివి మేకతో సమానంగా దేవిని తృప్తిపరుస్తాయంటుంది. కాయకు కన్నం పెట్టి, కుంకుమ నింపి, నడిరోడ్డు మీద ఎర్రగా పగలగొట్టేవాళ్లు పల్లెటూరి జాతరను చూసి ముక్కు మూసుకోవడం నాకు మింగుడుపడదు. కర్ణాటకలో గుళ్ల దగ్గర జంతుబలిని 1959 చట్టం నిషేధించింది, దాన్ని నేనూ సమర్థిస్తాను. ఆ మాట చెప్పడానికి జీవి ప్రాణం గురించి మాట్లాడితే సరిపోతుంది, నిఘంటువు అక్కర్లేదు.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది వార్తల్లో వాడకం. "గుంతకు యువకుడు బలి" అని శీర్షిక పెడతారు. అన్నమైనా, పన్నైనా, పొట్టేలైనా, బలి అన్నాక ఇచ్చేవాడొకడు, పుచ్చుకునేవాడొకడు ఉంటారు. ఇక్కడ ఇచ్చిందెవరు? గుంత పూడ్చకుండా బిల్లు చేసుకున్నదెవరు, సంతకం పెట్టిందెవరు? వార్త చివరిదాకా చదవండి, చనిపోయినవాడి పేరు, ఊరు, వయసు తప్ప ఇంకెవరి పేరూ కనపడదు.