93 శాతం మౌనవ్రతం

ఇంజినీరింగ్ కాలేజీల్లో బిజినెస్ ఇంగ్లీషు నేర్పడానికి వచ్చే శిక్షకులు ఏది మరిచినా ఒక స్లయిడు మాత్రం మరవరు. రంగురంగుల చక్రం, మనం చెప్పేది ఎదుటివారికి దేని ద్వారా ఎంత చేరుతుందో చూపే మూడు ముక్కలు: మాటలు 7 శాతం, స్వరం 38, బాడీ లాంగ్వేజ్ 55. అది తెర మీద పడగానే శిక్షకుడు కాసేపు మాట్లాడడు. వేదరహస్యం వెల్లడించాక ఆ మాత్రం విరామం ఉండాలి మరి.

ఇంత సత్యం తెలిశాక కూడా పిల్లలకు ఇంగ్లీషు నేర్పడం ఉత్త దుబారా. మిగిలిన 93 శాతంతోనే వ్యాపారమంతా చక్కబెట్టుకోవచ్చు. సరుకు తక్కువ వచ్చిందని ఫిర్యాదు చేయాలా? చేతులు కట్టుకుని ఫొటో దిగి పంపితే సరి, ఎన్ని పెట్టెలు తగ్గాయో కనుబొమలే చెబుతాయి. కొటేషన్ కావాలంటే ఎడమ భుజం ఎగరేయాలి. జీఎస్టీ కలిపా, కలపకుండానా అని అడగడానికి కుడి భుజం ఉండనే ఉంది. రెండు నెలల బకాయికి గొంతు సవరించుకోవాలి, మూడో నెలకు గట్టిగా దగ్గాలి. అప్పటికీ కట్టకపోతే కోర్టుకెళ్లి జడ్జిగారి ముందు నిటారుగా కూర్చోవాలి. సెమిస్టర్ పరీక్షలోనూ ఇదే న్యాయం: వందకు 93 మార్కులు ఇన్విజిలేటర్ కళ్లలోకి సూటిగా చూసినందుకు.

ఈ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో వెలువరించిన రెండు ప్రయోగాల నుంచి వచ్చాయి. విడి మాటలను రకరకాల స్వరాల్లో వినిపించి, ఒక ప్రయోగంలో ముఖాల ఫొటోలు కూడా చూపి, పలికినవారిలో ఉన్నది ఇష్టమా, అయిష్టమా పోల్చమన్నారు. అంతే. భావోద్వేగాలు, ఇష్టాయిష్టాల సంగతి దాటితే ఈ లెక్క పనికిరాదని ఆయనే స్పష్టం చేశాడు. పాపం, మాటల్లో చెప్పాడు కదా, మనవాళ్లకు 7 శాతమే చేరింది.

నవ్వుకుని వదిలేయవచ్చు. కానీ అదే గదిలో పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివిన అమ్మాయి ఒకతె ఉంటుంది. మాక్ ఇంటర్వ్యూలో తన ప్రాజెక్టు గురించి అడుగుతారు. సర్క్యూట్ ఆమె చేత్తో అతికించినదే, ఏ తీగ ఎక్కడికి పోతుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. తీరా చెప్పబోతే క్రియ దగ్గర వాక్యం ఆగిపోతుంది. శిక్షకుడు ఫారంలో రాస్తాడు: ‘ఆత్మవిశ్వాసం తక్కువ. నవ్వుతూ మాట్లాడాలి.’

ఏం చూసి నవ్వాలయ్యా? ఆ పిల్లకు తెలియనిది భూతకాలంలో నాలుగు వాక్యాలు చెప్పడం! ఎవరో ఒకరు పక్కన కూర్చుని, ఆమె రాసిన ఉత్తరాన్ని ఎర్రసిరాతో దిద్ది, మళ్లీ రాయించి, మళ్లీ దిద్దితే వచ్చే విద్య అది. అరవై మంది పిల్లల కాగితాలు ఇంటికి మోసుకెళ్లి దిద్దడానికి ఓపిక లేక, సిగ్గూ లేక, తప్పు ఆమె భుజాల మీదకు తోశారు. పైగా ఈ ఘనకార్యానికి ట్రెయినింగ్ ఫీజని వేరే పద్దు. అప్పు చేసి అది కట్టిన తండ్రికి ఇచ్చే రసీదులో మాత్రం బాడీ లాంగ్వేజ్ ఉండదు. అంకెల్లోనూ అక్షరాల్లోనూ రూపాయి తేడా లేకుండా రాసి, తిరిగి ఇవ్వబడదని కింద ముద్ర కూడా వేస్తారు.