ఎండ కాస్తే కరెంటు పోయే ఇల్లు

సోలార్ మీద బతికే ఇంట్లో ముసురు పట్టినప్పుడు దీపాలు ఆరిపోతే ఎవరూ ఆశ్చర్యపోరు. రోహిణీకార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో, మిట్టమధ్యాహ్నం ఇల్లంతా చప్పున ఆగిపోవడం మాత్రం మా మామగారింట్లోనే చూశాను.

నూజివీడు దగ్గర మామిడితోటలో ఉన్న ఆ ఇంటికి కరెంటు లైను లేదు. రోడ్డు మీది నుంచి స్తంభాలు వేయించాలంటే ఎంత అవుతుందో విన్న తరువాత మామగారు డాబా మీద ప్యానెళ్ళు, వసారాలో 24 వోల్టుల ఇన్వర్టరు, దాని పక్కన 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీలు రెండు పెట్టించారు. డిస్టిల్డ్ వాటర్ పోయించుకుంటూ కొన్నేళ్ళు నమ్మకంగా పనిచేసిన ఆ బ్యాటరీలు చివరికి చేతులెత్తేయడంతో, మా బావమరిది విజయవాడ వెళ్ళి 25.6 వోల్టుల లిథియం బ్యాటరీ తెచ్చాడు. ఒక్క మనిషే దాన్ని ఆటోలోంచి దించేయడం చూసి, సహకార బ్యాంకులో పనిచేసి రిటైరైన మామగారు, లోపల సరుకు పూర్తిగా ఉందో లేదో అని అనుమానపడ్డారు. “ఎర్ర తీగ ఎర్రదానికి, నల్ల తీగ నల్లదానికి, అంతే నాన్నా!” అని మావాడు పది నిమిషాల్లో బిగించేశాడు.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారు ఆవకాయ కోసం ఆవాలు మిక్సీలో వేశారు. అవి సగం నలిగాయో లేదో మిక్సీ ఆగింది, ఫ్యాన్లు ఆగాయి, ఇన్వర్టరు కీచుమని అరిచి ఎర్రదీపం వెలిగించింది. కాసేపటికి దానంతటదే లేచి, మళ్ళీ ఆగింది. మూడోరోజు ఆకాశమంతా మబ్బు పట్టగా సాయంత్రం దాకా ఏ ఆటంకమూ రాలేదు. “ఏవండీ, మబ్బు పట్టింది, త్వరగా ఆవాలు అందుకోండి!” అని అత్తగారు కేకేయడం విన్న పాలేరు, ఈ ఇంట్లో సోలార్ వానతో నడుస్తుందని తోటంతా చెప్పుకొచ్చాడు.

రాత్రి కథ వేరు. ఇన్వర్టరు తెర మీద బ్యాటరీ గుర్తు పొద్దుపోయేదాకా నిండుగానే కనిపించేది, ఆ ధైర్యంతో అందరూ ఫ్యాన్లు వేసుకుని పడుకుంటే తెల్లవారుజామున ఒక్కసారిగా చీకటయ్యేది. చివరి నిమిషం వరకూ నిల్వ పూర్తిగా చూపించి, ఆ తరువాత నేరుగా సున్నా చూపించే పాస్‌బుక్కు తన సర్వీసులో ఎక్కడా చూడలేదని మామగారు మండిపడ్డారు.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. బ్యాటరీ అమ్మినవాళ్ళు ఇన్వర్టరును తిట్టారు, ఇన్వర్టరు వాళ్ళు బ్యాటరీని తిట్టారు. ఈలోగా రెండింటికీ ఇంటర్నెట్ తీగ పట్టే రంధ్రాలు ఉండటం గమనించిన బావమరిది, ఆ తీగతో రెండింటినీ కలిపితే మాట్లాడుకుంటాయని ఎక్కడో చదివి కలిపాడు. ఒకదానికి వచ్చిన భాష రెండోదానికి రాకపోవడంతో, తెర మీద ఇంకో కొత్త ఎర్రర్ నంబరు మాత్రం వచ్చింది.

చివరికి ఊళ్ళోంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఫోన్ లైటు వేసి, ఇన్వర్టరు బటన్లు నాలుగు నొక్కి, బ్యాటరీ రకం దగ్గర ఇంకా ‘ట్యూబులర్’ అనే ఉండటం చూసి నవ్వాడు. ట్యూబులర్ బ్యాటరీ కాస్త ఎక్కువ పోసినా ఉడికి ఊరుకుంటుంది కాబట్టి, ఇన్వర్టరు పాత అలవాటు కొద్దీ 29 వోల్టులు దాటించి పోస్తోంది. కొత్తదాని లోపల 3.2 వోల్టుల సెల్లులు ఎనిమిది వరసగా ఉంటాయి, అవన్నీ ఒకే సమయానికి నిండవు. వాటిలో ఏ ఒక్కటి 3.65 వోల్టులు తాకినా, బీఎంఎస్ అనే కాపలా సర్క్యూటు మొత్తం బ్యాటరీకే ఛార్జింగు రాకుండా తలుపేసేస్తుంది. పోసేది పోవడానికి చోటు లేక వోల్టేజీ ఎగబాకేసరికి ఇన్వర్టరు బెదిరి తానూ ఆగిపోతుంది. ఎండ ఎంత బాగా కాస్తే బ్యాటరీ అంత తొందరగా నిండుతుంది గనుక, ఇల్లు అంత తొందరగా ఆగేది. తెర మీది అబద్ధం కూడా ఇందులోదే. ఇన్వర్టరు వోల్టేజీని బట్టి నిల్వ అంచనా వేస్తుంది, లిథియం వోల్టేజీయేమో దాదాపు ఖాళీ అయ్యేదాకా పెద్దగా కదలదు.

“వస్తువులు రెండూ మంచివే సార్, దీనికి దాని సంగతి ఎవరూ చెప్పలేదు,” అంటూ అతను ఛార్జింగు 28 వోల్టులకు, నిండాక నిలిపి ఉంచే ఫ్లోటు 27కు, వాడకం ఆపేసే కిందిహద్దు 24కు మార్చి, అప్పుడప్పుడూ కావాలనే ఎక్కువ పోసే ఈక్వలైజేషన్ పూర్తిగా తీసేశాడు. తెర మీది బొమ్మను నమ్మవద్దని చెప్పి, తీగ మధ్యలో ఒక షంట్ మీటరు బిగించాడు. వచ్చిన ఆంపియర్లు, పోయిన ఆంపియర్లు లెక్కగట్టి నిల్వ చూపించే ఆ మీటరును చూడగానే మామగారి ముఖం విప్పారింది. ఆవకాయకు కావలసిన ఆవాలు ఆరోజే, మండుటెండలో, ఒక్క ఊపున నలిగాయి.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక మామగారు టార్చి పట్టుకుని గదులన్నీ తిరగడం మొదలుపెట్టారు. ఫ్యాన్లు, లైట్లు అన్నీ కట్టేసినా ఖాతాలోంచి రెండు ఆంపియర్లు పోతున్నాయట. ఫోన్ ఛార్జర్లు ఊడదీశారు, టీవీ ప్లగ్గు పీకారు, పాలేరు గది లైటు కూడా ఆర్పించారు. అయినా ఆ రెండూ పోతూనే ఉన్నాయి. నేను ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తే, ఇన్వర్టరు ఖాళీగా కూర్చున్నా తన సొంత ఖర్చుకు యాభై వాట్ల దాకా తింటుందని, అది మామూలేనని చెప్పాడు.

“ఏ పనీ చెయ్యకుండానా?” అని మామగారు నోరు తెరిచారు. వెంటనే ఇన్వర్టరును రాత్రిపూట పూర్తిగా కట్టేయాలని ప్రకటించారు. “మరి నా ఫ్యానో?” అని లోపలి నుంచి అత్తగారు అడిగారు.