మంచం కింద మార్కెట్

స్వీయ ప్రచురణ అనే మాట కొత్తగా వచ్చిందేమో గానీ, ఆ పని మనకు కొత్త కాదు. తెలుగు కవితా సంపుటి ఏది తిరగేసినా రెండో పేజీలో ‘ప్రచురణ: రచయిత’ అని, దాని కింద ‘ప్రతులకు’ అని కవిగారి ఇంటి చిరునామా కనిపిస్తుంది. నా నాలుగు పుస్తకాల్లోనూ ఉంది. ఆ చిరునామా పట్టుకుని మా ఇంటికి ఇప్పటిదాకా ఒక్కరే వచ్చారు. ఆయన ఎల్‌ఐసీ ఏజెంటు.

ఐదోది నవల. ఈసారి మాత్రం మార్కెట్ రీసెర్చ్ చేయకుండా అచ్చుకు వెళ్లకూడదని గట్టిగా అనుకున్నాను. బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు దీనికి కారణం. “మామయ్యా, నువ్వు పుస్తకం రాసేసి పాఠకుడి కోసం వెతుకుతావు. ముందు పాఠకుణ్ణి వెతుక్కుని ఆ తర్వాత రాయాలి” అన్నాడు. కుండ పట్టుకుని వర్షం కోసం చూస్తున్నవాడికి, ముందు మబ్బు ఎక్కడుందో కనుక్కోమన్నట్టుంది. కాదనలేకపోయాను.

అలాగని మన దగ్గర రీసెర్చ్ సాధనాలు బొత్తిగా లేవనడం అన్యాయం. మొదటిది మిత్రుడు. రాతప్రతి ఇస్తే మూడు నెలలు తన దగ్గర ఉంచుకుని “బాగుంది, వేసెయ్” అంటాడు. సర్వే అయిపోయినట్టే. రెండోది ముందుమాట. అందులో మన పుస్తకం గురించి పావు వంతు, రాసినవారి గురించి ముప్పావు వంతు ఉంటుంది. అన్నిటికంటే నమ్మదగ్గది డీటీపీ ఆపరేటర్. పుస్తకంలో ప్రతి అక్షరాన్నీ చూసిన ఏకైక మనిషి. మూడో సంపుటి అప్పుడు ఎలా ఉందని అడిగాను. స్క్రీన్ మీంచి కళ్లు తీయకుండా, “సార్, ఫారమ్‌కి పదహారు పేజీలు. చివర్లో నాలుగు పేజీలు ఖాళీ మిగులుతున్నాయి. రెండు కవితలు పడేయండి” అన్నాడు. ఆ సాయంత్రమే రాసి ఇచ్చాను. సమీక్షలో మెచ్చుకున్నవి సరిగ్గా ఆ రెండే.

ఇక ఇంగ్లీషు వాళ్ల సాధనాలు. అమెజాన్ 2007లో ఈ-పుస్తకాలు చదివే పరికరం కిండిల్‌తో పాటే రచయితే నేరుగా పుస్తకం పెట్టుకునే ఏర్పాటు తెచ్చింది. ఇప్పుడు దాన్నే కేడీపీ (కిండిల్ డైరెక్ట్ పబ్లిషింగ్) అంటున్నారు. పుస్తకం పెట్టేటప్పుడు కీవర్డుల కోసం, అంటే పాఠకులు వెతికే మాటల కోసం, ఏడు గళ్లు ఇస్తారు. వాటిలో ఏం రాయాలో చెప్పడానికి పబ్లిషర్ రాకెట్, ఏ జానర్ ఎలా అమ్ముడవుతోందో చెప్పడానికి కే-లిటిక్స్, ఇలా దుకాణాలు చాలానే వెలిశాయి. అమెజాన్ ఏ పుస్తకం ఎన్ని కాపీలు అమ్ముడైందో బయటికి చెప్పదు, ర్యాంకు మాత్రం చూపిస్తుంది. ఆ ర్యాంకును బట్టి రోజుకు ఇన్ని అమ్ముడవుతున్నాయని ఈ సాధనాలు లెక్క కట్టి చెబుతాయి. గ్రహం కనబడుతుంది, ఫలితం మనమే చెప్పాలి. ఇదేం విద్యో మనవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మా వీధి సిద్ధాంతిగారు కంప్యూటర్ లేకుండానే చేస్తున్నారు.

ర్యాంకు మహిమ ఎంతటిదో 2016లో ఒక అమెరికా మార్కెటింగ్ మనిషి నిరూపించాడు. తన పాదాన్ని ఫొటో తీసి, ఆ ఒక్క ఫొటోనే పుస్తకంగా పెట్టాడు. జనం పెద్దగా తిరగని క్యాటగిరీ ఎంచుకున్నాడు. మూడు కాపీలు అమ్ముడయ్యేసరికి అందులో నంబర్ వన్ బెస్ట్ సెల్లర్ అయిపోయాడు. నాకు ఒక్క చెల్లెలి కుటుంబంలోనే ఐదుగురు ఉన్నారు. ఈ లెక్కన నేను ఎప్పుడో ప్రపంచ స్థాయికి చేరవలసినవాణ్ణి.

ఆ ఏడు గళ్లలో ‘అత్యుత్తమ నవల’ లాంటి సొంత డబ్బా మాటలు వాడకూడదట. ఇదే నిబంధన మన ముందుమాటలకు పెడితే ‘నమస్కారం’, ‘సెలవు’ మిగులుతాయి.

అసలు చిక్కు వేరే ఉంది. 2016 చివర్లో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు తెచ్చింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. ఐదు భాషలు. అందులో మనం లేం. పాండవుల లెక్కలో కర్ణుడి పరిస్థితి. పుట్టుక కాదనేవాడు లేడు, పిలిచేవాడూ లేడు.

పోనీ ఉచితంగా వచ్చేదని, జనం ఏ మాట ఎంతగా వెతుకుతున్నారో చూపించే గూగుల్ ట్రెండ్స్ తెరిచాను. అందులో 100 అంటే వంద మంది వెతికారని కాదు, ఎక్కువగా వెతికిన రోజును 100 అనుకుని మిగతావి దాంతో పోల్చి చూపిస్తారు. నా నవల పేరు కొట్టాను. చూపించడానికి తగినంత డేటా లేదంది. మా ఆవిడ వెనక నుంచి చూసి, “ఈమాత్రం దానికి కంప్యూటర్ ఎందుకండీ? నన్నడిగితే చెప్పేదాన్ని కదా” అంది. మంచం కింద స్టాకు లెక్క ఆవిడ దగ్గరే ఉంటుంది. పాత సంపుటి కట్టలు రెండింటి మీద ప్రస్తుతం బియ్యం డబ్బా ఉంది. చెమ్మ తగలకుండా బాగా పనికొస్తున్నాయట. పాఠకుల అభిప్రాయాల్లో నాకు అందిన మంచి అభిప్రాయం అదొక్కటే.

ఫీల్డ్ స్టడీ కూడా ఉండాలని జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో మిత్రుడి స్టాల్లో రెండు రోజులు కూర్చున్నాను. రెండో రోజు సాయంత్రం యాభై ఏళ్లాయన ఒకాయన నా సంపుటి తీశాడు. వెనక అట్ట చదివాడు. మధ్యలో ఎక్కడో తెరిచి ఒక కవిత మొత్తం చదివాడు. పెదాలు కదలడం చూశాను. ధర చూశాడు. వెనక అట్ట మీద ఫొటో చూసి, నా వంక చూసి, “ఇది మీరేనా?” అన్నాడు. అవునన్నాను. “ఫొటోలో జుట్టుంది” అన్నాడు. పుస్తకం ఎక్కడ తీశాడో అక్కడే, అంచులు సరిగ్గా కలిసేలా పెట్టి, “కొత్త పంచాంగం వచ్చిందా?” అని అడిగాడు. రాలేదన్నాను. గ్రూప్-2 మెటీరియల్ కోసం వచ్చిన కుర్రాళ్లు ఆయన్ను తోసుకుంటూ పక్క స్టాల్‌కి వెళ్లారు.

చివరికి మేనల్లుడు తన కార్డు మీద ఒక సాధనం కొనిచ్చాడు. పేరు ఎందుకు లెండి. ‘తెలుగు నవల’ అని కొడితే పోటీ బాగా తక్కువ అని ఆకుపచ్చ రంగులో చూపించింది. పొంగిపోయాను. పక్క గడిలో నెలకు ఎంతమంది వెతుకుతున్నారో కూడా ఉంటుందని వాడు గుర్తు చేశాడు. అక్కడ సున్నా ఉంది. ఎవరూ దుకాణం పెట్టని సందులో పోటీ ఎందుకుంటుంది? పట్టు వదలకుండా ఒట్టి ‘తెలుగు’ అని కొట్టాను. అప్పుడు వచ్చాయి పుస్తకాలు, వరస పెట్టి. అన్నీ అక్షరాలు దిద్దించేవే. చుక్కల మీద పెన్సిల్‌తో అ, ఆ. అమెరికాలో పుట్టిన మన పిల్లల కోసం. అంటే నా పాఠకులు ఉన్నారు, ప్రస్తుతం ఋ దగ్గర ఉన్నారు. నవల దాకా రావడానికి పాతికేళ్లు పట్టొచ్చు.

మార్కెట్ మాట వినాలి కదా. నవల పక్కన పెట్టి అక్షరాల పుస్తకం మొదలుపెట్టాను. అ నుంచి ఱ వరకు రెండు రాత్రుల్లో అయిపోయింది. ఫారమ్ లెక్కలో నాలుగు పేజీలు మిగిలితే అక్కడ నా కవితలు రెండు చుక్కల్లో పెట్టించాను, పిల్లలు దిద్దుకుంటారు. ప్రతులు ఐదు వందలు. ముందుమాటకు ఇద్దరు ఒప్పుకున్నారు. ఆవిష్కరణ సభకు హాలు దొరికింది గానీ, శాలువాలు ఎన్ని తేవాలన్నది ఇంకా తేలలేదు.