లేబుల్ తీయాల్సింది ఎప్పుడు, ఎవరు?

పెట్రోలు దించేసిన ట్యాంకర్ ఖాళీ అయిందని అనుకుంటాం. నిజానికి నిండుగా ఉన్నప్పటికంటే అప్పుడే ఎక్కువ భయపడాలి. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటుంది. నిండు ట్యాంకులో ఆవిరి ఈ హద్దు దాటి చిక్కగా ఉంటుంది. సరుకు దించేకొద్దీ గాలి లోపలికి చేరి, ఆ మిశ్రమం పేలుడుకు అనువుగా మారుతుంది. అందుకే కడిగి, ఆవిరి పోయిందని పరీక్షించేవరకు ఎర్రటి మంట గుర్తును, పెట్రోలుకు ఐక్యరాజ్యసమితి ఇచ్చిన 1203 సంఖ్యను తీయకూడదు, కప్పకూడదు.

అంటించే విషయంలో మన నిబంధనలకు లోటు లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం సరుకు పేరు, సంఖ్య, కనీసం 250 మిల్లీమీటర్ల ప్రమాద చిహ్నం, ఫోను నంబర్లతో అత్యవసర సమాచార ఫలకం ఉండాలి. ఫలకం ఉందా అని చూసినంత శ్రద్ధగా, అది లోపలి సరుకుదేనా అని కూడా చూడాలి కదా!

కాల్షియం కార్బైడ్ డ్రమ్ముల మీద నీలం గుర్తు ఉంటుంది. నీళ్లు తగిలితే మండే వాయువు పుడుతుందని దాని అర్థం. ఆ డ్రమ్ములు ఎక్కించిన లారీకి నిన్నటి గంధకం లోడు తాలూకు ఎరుపు తెలుపు చారల గుర్తే ఉండిపోతే, అగ్నిమాపక సిబ్బంది నీటి గొట్టం తిప్పుతారు. అది వాళ్ల తప్పు కాదు. పొగలో, దూరం నుంచి, వాళ్లు చదవగలిగేది ఆ ఒక్క గుర్తునే.

మా వీధి చివర పాత డ్రమ్ముల దుకాణం ఉంది. మొన్న అక్కడ ఒక నీలం డ్రమ్ము మీద స్టిక్కర్ గోకేసిన జిగురు మరక, దాని అంచున సగం తెలుపు, సగం నలుపు ముక్క కనిపించాయి. చర్మాన్ని కాల్చే, లోహాన్ని తినేసే పదార్థాలకు వేసే గుర్తు అది. ఒకావిడ నీళ్లు పట్టుకోవడానికి దానికే బేరమాడుతున్నారు. నేను అడిగితే, "కడిగే అమ్ముతున్నామండీ" అన్నాడు దుకాణదారు. ముందు అందులో ఏముండేదో అతనికి తెలియదు. చెప్పాల్సిన కాగితాన్ని ఎవరో ముందే పీకేశారు.

ట్యాంకు శుభ్రమైందని సంతకం చేసినవారే గుర్తు కూడా తీయాలి, అదీ వెంటనే. ఆ పని క్లీనర్ కుర్రాడికి వదిలేయకూడదు. ఆ పత్రం చూడకుండా కొత్త సరుకు నింపేవారు వాల్వు తెరవకూడదు. ప్రమాదకర రసాయనాలు మోసిన డ్రమ్ములను బయట అమ్మకానికి వదలదలిస్తే, ఫ్యాక్టరీ గేటు దాటకముందే వాటి అడుగున రంధ్రం పెట్టాలి.