కిలోమీటరు ఎక్కడి నుంచి కొలవాలి?

మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్నవాళ్లది శ్రీకాకుళం జిల్లా. విజయవాడ వచ్చి ఏడేళ్లయింది. పెద్దపిల్లకి ఒకటో తరగతి వయసొచ్చింది, ప్రైవేటు బడిలో ఫ్రీ సీటుకి అప్లై చేద్దామని ఆమె నన్ను తోడు తీసుకుని నెట్ సెంటర్‌కి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, పిల్ల పుట్టిన సర్టిఫికెట్, నాలుగు మడతలు పెట్టిన జిరాక్సులు. నెట్ సెంటర్ కుర్రాడు ఆధార్ అటూ ఇటూ తిప్పి చూసి, ‘‘ఇది మీ ఊరి అడ్రస్ కదమ్మా, ఇక్కడి స్కూలుకి ఇక్కడి అడ్రస్ ఉండాలి’’ అన్నాడు.

ఆమె అడుగుతున్న బడి గంట కొడితే ఇస్త్రీ బండి దగ్గరికి వినిపిస్తుంది. ఆ బడి పిల్లల యూనిఫాంలు ఇస్త్రీ చేసేది కూడా ఆమే. అయినా కాగితం ప్రకారం ఆ పిల్ల ఇల్లు బడికి వందల కిలోమీటర్ల దూరంలో ఉంది.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులోని 12(1)(సి) సెక్షన్ ప్రకారం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో కనీసం 25 శాతం సీట్లు చుట్టుపక్కల ఉండే బలహీన వర్గాల, వెనుకబడిన వర్గాల పిల్లలకి ఉచితంగా ఇవ్వాలి. రాజస్థాన్ ప్రైవేటు బడుల సంఘం దీన్ని సవాలు చేస్తే 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఈ సీట్లు 2022-23లో గానీ మొదలు కాలేదు. అంటే పుష్కరం ఆలస్యం. తెలంగాణ అయితే రాష్ట్రం ఏర్పడ్డాక కూడా ఏళ్ల తరబడి దాని జోలికే పోలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో పద్ధతి చూడ్డానికి తేలికే. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, ఎంపిక లాటరీలో. కుటుంబ ఆదాయం గ్రామాల్లో ఏడాదికి లక్షా 20 వేలు, పట్టణాల్లో లక్షా 44 వేలు దాటకూడదు. బడికి కిలోమీటరు లోపు ఉన్న పిల్లలకి మొదటి అవకాశం, సీట్లు మిగిలితే మూడు కిలోమీటర్ల దాకా వెళ్తారు. గొడవంతా ఈ కిలోమీటరు దగ్గరే. దగ్గరి బడి అన్న మాటలో తప్పేమీ లేదు. ఒకే పేటలో ఉండే పిల్లలంతా, ఎవరింట్లో ఎంత ఉన్నా, ఒకే బడికి వెళ్లాలని 1960ల్లోనే చదువుల మీద కేంద్రం వేసిన కొఠారి కమిషన్ చెప్పింది. కానీ దూరం కొలవాలంటే ముందు ఒక ఇల్లుండాలి, అది కాగితం మీదా ఉండాలి. కాగితం మీద ఇల్లు ఒకచోట, బతుకు ఇంకోచోట ఉన్నవాళ్ల కోసమే కదా ఈ సీట్లు పెట్టింది?

అడ్రస్ రుజువుకి ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు, కరెంటు బిల్లు వంటివి ఏవైనా సరే, అద్దె ఒప్పందమైనా చాలు అన్నారు. అది రాసినవాళ్లు మంచి మనసుతోనే రాసి ఉంటారు. అయితే నెలకి మూడు వేల అద్దెతో రేకుల గదిలో ఉండే మనిషికి అగ్రిమెంట్ ఎవరు రాసిస్తారు? మా ఇస్త్రీ ఆవిడ అడిగితే ఓనరు, ‘‘రేపు ఆ కాగితం పట్టుకుని ఇల్లు ఖాళీ చేయనంటే నేనెక్కడికి పోను?’’ అన్నాడట. ఆయన చెడ్డవాడేం కాదు, అద్దె రెండు నెలలు ఆలస్యమైనా ఊరుకునే రకం. కాగితం అనగానే భయం, అంతే.

పోనీ ఆధార్‌లో అడ్రస్ మార్చుకోమన్నాను. ఆమె నావైపు జాలిగా చూసింది. ‘‘కార్డు ఇటు మార్చీసుకుంటే మా అత్త పింఛను ఏటవుద్ది సార్?’’ ఊళ్లో పింఛను, ఎప్పుడైనా ఇళ్ల స్థలం ఇస్తే లిస్టులో పేరు, ఓటు, అన్నీ ఆ ఒక్క అడ్రస్‌కి కట్టేసి ఉన్నాయి. ఆధార్ మారినంత మాత్రాన పింఛను ఆగిపోతుందని రూలేమీ లేకపోవచ్చు. ఆ మాట ఆమెకి గట్టిగా చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది.

సొంత ఇల్లున్నవాళ్ల కథ ఇంకో రకం. విజయవాడలో పేదలకి ప్రభుత్వం కట్టించిన ఇళ్లు ఎక్కువగా జక్కంపూడి లాంటి శివార్లలోనే ఉన్నాయి. తర్వాత వచ్చిన టిడ్కో ఇళ్లు, జగనన్న కాలనీలు చాలా ఊళ్లలో అదే దారి పట్టాయి. భూమి ఎక్కడ చవకో అక్కడే ఇళ్లు వస్తాయి మరి. పేరున్న బడులేమో ఫీజు కట్టగలిగినవాళ్లు ఉండే చోట వెలుస్తాయి. ఒక శాఖ పేదవాణ్ని ఊరి చివరికి పంపి పట్టా ఇస్తుంది, ఇంకో శాఖ నువ్వు బడికి కిలోమీటరు లోపు లేవంటుంది. రెండూ వేటికవి నిబంధన ప్రకారమే నడుస్తుంటాయి.

కిలోమీటరు లోపల ఉన్న బడులన్నీ లెక్కలోకి వస్తాయా అంటే అదీ లేదు. మైనారిటీ విద్యాసంస్థలకి ఈ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తేల్చింది. కోస్తా పట్టణాల్లో పాతకాలం నుంచి మంచి పేరున్న బడుల్లో మిషనరీలవి ఎన్నో. ఇంటి ఎదురుగా కాన్వెంటు ఉన్నా ఈ దరఖాస్తుకి అది లేనట్టే. ఇక మొగల్రాజపురం, గుణదల కొండల మీద ఇళ్లున్నవాళ్ల దూరం ఏ మ్యాపులో కొలుస్తారు? గీత గీస్తే అరకిలోమీటరు కూడా ఉండదు, మెట్లు దిగి చుట్టూ తిరిగి వెళ్తే లెక్క మారిపోతుంది. ఏలూరు కాలవకి అటు ఒడ్డున బడి ఉంటే వంతెన ఎక్కడుందో చూసుకోవాలి.

తరగతి సంగతి కూడా చెప్పుకోవాలి. బడిలో నర్సరీ, ఎల్‌కేజీ ఉంటే 25 శాతం సీట్లు అక్కడి నుంచే ఇవ్వాలని చట్టమే అంటోంది. మన దగ్గర ఒకటో తరగతిలో ఇస్తున్నారు. తోటిపిల్లలు అప్పటికే రెండు మూడేళ్లు ఏబీసీడీలు దిద్ది, రైమ్స్ పాడి, టీచరుతో చనువు పెంచుకుని ఉంటారు. ఈ పిల్ల అంగన్‌వాడీ నుంచి నేరుగా వాళ్ల పక్కన కూర్చోవాలి. ఎవరూ ఏమీ అనకపోయినా, ఎవరు ఎటునుంచి వచ్చారో మొదటి రోజే తెలిసిపోతుంది.

ఫీజు విషయంలో నాకు బడులమీద కొంచెం సానుభూతి ఉంది. ఒక్కో పిల్లకి ప్రభుత్వం ఎంత ఖర్చు పెడుతుందో అంత, లేదా ఆ బడి ఫీజు, రెండింటిలో ఏది తక్కువైతే అది ప్రభుత్వం బడికి చెల్లించాలన్నది చట్టం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023లో పట్టణాల్లో 8,000, గ్రామాల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 రూపాయలుగా ఖరారు చేసి, అది కూడా పిల్లల్ని బడికి పంపే తల్లులకి అప్పట్లో ఇచ్చే అమ్మ ఒడి డబ్బులోంచే తల్లి కట్టాలంది. ఉచిత సీటు ఖర్చు తిరిగి తల్లి మీదే పడింది. ఈ డబ్బు ఏ మూలకి చాలుతుందని యాజమాన్యాలు కోర్టుకెక్కాయి. మధ్యలో లాటరీ తగిలిన తల్లి అటు ఆఫీసుకీ ఇటు బడికీ తిరుగుతూ ఉండిపోయింది.

దూరాన్ని ఇంకోలా వాడుకున్న రాష్ట్రాలూ ఉన్నాయి. చుట్టుపక్కల ప్రభుత్వ బడి ఉంటే ప్రైవేటు బడి ఉచిత సీట్లు ఇవ్వక్కర్లేదని కర్ణాటక 2018-19లో రూలు మార్చింది, దాంతో సీట్లు ఒక్కసారిగా కుదించుకుపోయాయి. మహారాష్ట్ర 2024లో అదే చేయబోతే జులైలో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. ఇక మన ప్రభుత్వ బడుల సంగతి. 2022లో 117 జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని కిలోమీటరు లోపు హైస్కూళ్లలో కలిపినప్పుడు, ఆ కిలోమీటరులో హైవే ఉందనీ రైలు పట్టాలున్నాయనీ తల్లిదండ్రులు రోడ్డెక్కారు. 2025లో కొత్త ప్రభుత్వం ఆ జీవోని వెనక్కి తీసుకుంది. పిల్లని బడికి రానివ్వాలన్నా, బడిని పిల్లకి దూరం చేయాలన్నా వాడింది ఆ కిలోమీటరునే.

దగ్గరితనం మీద సీట్లివ్వడంలో ఇంగ్లండ్‌ది పాత అనుభవం. అక్కడి ప్రైమరీ సీటుకి జనవరి 15 గడువు, ఏప్రిల్ 16న ఫలితం. చాలా బడుల్లో అన్నో అక్కో ఇప్పటికే చదువుతున్న పిల్లల తర్వాత, ఎవరిల్లు దగ్గరైతే వాళ్లకే సీటు. నిరుడు చివరి సీటు ఎంత దూరంలో ఉన్న పిల్లకి దక్కిందో కౌన్సిళ్లు ప్రకటిస్తాయి, తల్లిదండ్రులు ఆ మీటర్లు పట్టుకుని ఇల్లు వెతుక్కుంటారు. లండన్‌లోనూ ఆ పక్కనా హారో, స్లావ్ వైపు ఉండే మన తెలుగువాళ్లకి ఇదంతా కొట్టినపిండే. ఫారంలో బడుల వరస మాత్రం మన ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) వెబ్ ఆప్షన్లలాంటిదే. పైన రాసింది రాకపోయినంత మాత్రాన కింద రాసింది పోదు, ఒక్కటే రాసి ఊరుకుంటే నష్టం మనకే. మంచి బడి పక్కన ఇంటి ధర పెరుగుతుంది, దొంగ అడ్రసులు పుడతాయి. 2008లో పూల్ అనే ఊరి కౌన్సిల్ ఒక కుటుంబం ఆ ఇంట్లోనే ఉంటోందా లేదా అని దాదాపు మూడు వారాలు రహస్యంగా వెంబడించింది, అది చట్టవిరుద్ధమని 2010లో ట్రైబ్యునల్ తీర్పిచ్చింది. అక్కడ డబ్బున్నవాళ్లు దూరాన్ని కొనుక్కుంటున్నారు. మన దగ్గర అది లాటరీ కాబట్టి కొనలేరు, మంచిదే. కానీ లాటరీ డబ్బాలో చీటీ పడాలన్నా అడ్రస్ కావాలి.

దీనికి పెద్ద సంస్కరణేమీ అక్కర్లేదని నా అభిప్రాయం. పిల్ల పేరు అంగన్‌వాడీ రిజిస్టర్‌లో ఉంటుంది, టీకాలు వేసిన ఏఎన్ఎం దగ్గర ఉంటుంది. రెండేళ్లు ఏ అంగన్‌వాడీకి వెళ్లిందో ఆ పేటే పిల్ల ఇల్లు అనుకుని, అక్కడి నుంచి కొలిస్తే సరిపోతుంది. ఓనరు సంతకంతో పనుండదు, ఊళ్లో కార్డు కదిలించక్కర్లేదు. నర్సరీ నుంచే సీట్లిచ్చేటట్టయితే దానికి బదులు పుట్టిన దగ్గర్నుంచీ ఉన్న టీకా కార్డు చూస్తే చాలు.

ఇస్త్రీ ఆవిడ పెద్దపిల్ల ఇప్పుడు మున్సిపల్ స్కూల్లో చదువుతోంది. టీచరు బాగానే చూస్తుందట, పిల్ల ఎక్కాలు అప్పగిస్తుంటే నేనూ విన్నాను. చిన్నదానికి ఇంకో రెండేళ్లకి ఒకటో తరగతి వయసొస్తుంది. మొన్న బట్టలు తీసుకోవడానికి వెళ్తే, అగ్రిమెంట్ రాసిచ్చే ఓనరు ఎవరైనా ఉంటే చెప్పమంది. అద్దె అయిదొందలు ఎక్కువైనా ఇల్లు మారిపోతారట.