ఆ ఫార్వర్డ్ నమ్మి పిల్లలను ట్రాక్ ఎక్కించకండి

వారం నుంచి అదే మెసేజ్. మొదట మా హన్మకొండ సైకిల్ రైడర్ల గ్రూపులో వచ్చింది, తర్వాత కాజీపేటలో ఉండే మా బావమరిది పంపాడు, ఇవాళ పొద్దున మా గల్లీ చివర ఉండే తమ్ముడు ఫోన్ చేసి, "ఈ లిస్టు చూసి బాబుకు సామాన్లు కొంటున్నా అన్నా, కరెక్టే కదా?" అని అడిగాడు. వాళ్ల బాబుకు పదమూడేళ్లు. ఎండాకాలం సెలవుల్లో హైదరాబాద్ తీసుకెళ్లి ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ పందాల ట్రాక్ మీద, నేర్పించాలని ప్లాన్. మనకు వరంగల్‌లో ట్రాక్ లేదు కాబట్టి ఇక్కడి పిల్లలకు అక్కడికి పోయాకే అసలు సంగతి తెలుస్తుంది, అప్పటికే తప్పు సామాను కొనేసి ఉంటారు. అందుకే పనులు ఆపుకుని రాస్తున్నా.

ఇంతకీ ఆ మెసేజ్‌లో ఉన్నది ఇది: పిల్లలకు రన్నింగ్ షూ, ఫ్లాట్ పెడల్ చాలు, క్లీట్ (షూ అడుగున బిగించి పెడల్‌కు తగిలించే ముక్క) పెడితే కాలు ఇరుక్కుని ప్రమాదం. ఒకవేళ క్లీట్ పెట్టినా దాన్ని పట్టి ఉంచే పెడల్ స్ప్రింగ్ పూర్తిగా లూజ్ చేయాలి. షూ ఒక సైజు పెద్దది కొనాలి. క్లీట్ వేళ్ల కింద ఉంటే పవర్ ఎక్కువ. పాదాన్ని పట్టీతో కట్టే స్ట్రాప్ పెడళ్లు పాతకాలపువి, పారేయాలి. పెడల్ ఎంత వెడల్పుంటే అంత పట్టు. చివరికి, ఖరీదైన కార్బన్ సోల్ షూ పిల్లలకు దండగ. కింద రాసినవాళ్ల పేరు లేదు.

మొదటిదే అన్నిటికన్నా ప్రమాదం, అందుకే దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. కాలు ఇరుక్కుంటుందనే భయం రోడ్డు మీద నిజమే. కాజీపేట చౌరస్తాలో ఆటో అడ్డం వచ్చి సడన్‌గా ఆగాల్సి వస్తే క్లీట్ ఊడక పక్కకు పడిపోయి మోకాలు చీరుకుపోయిన మనిషిని నేను. కానీ ట్రాక్ మీద సడన్‌గా ఆగి కాలు కింద పెట్టే పనే ఉండదు కదా! అక్కడ అందరూ ఒకే దిక్కు తిరుగుతారు, సిగ్నల్ లేదు, బర్రె అడ్డం రాదు, ఎవరి సైకిల్‌కూ బ్రేకు లేదు, చక్రం తిరిగినంతసేపు పెడలూ తిరుగుతూనే ఉంటుంది. ఆగాలంటే కాళ్లతోనే పెడల్ వేగాన్ని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చి, కంచె పట్టుకుని, అప్పుడు కాలు తీయాలి. ఆ వేగం తగ్గించడానికైనా కాలు పెడల్ మీద ఉండాలి. కాలు ఊడిపోతే వేగమూ చేతిలో లేదు, ఆగడమూ చేతిలో లేదు.

లెక్క వేసి చూడండి. చైన్ తిరిగే పళ్లచక్రాల్లో ముందుదానికి 48 పళ్లు, వెనకదానికి 15 పళ్లు పెట్టారనుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ సుమారు 6.7 మీటర్లు పోతుంది. నిమిషానికి 120 చుట్లు తొక్కే పిల్లవాడు గంటకు 48 కిలోమీటర్ల వేగంలో ఉంటాడు, అంటే వాడి కాలు సెకనుకు రెండుసార్లు పైకీ కిందికీ పోతోంది. ఆ వేగంలో రన్నింగ్ షూ ఫ్లాట్ పెడల్ మీద నిలవదు. కాలు పైకి లేచేటప్పుడు పాదం పెడల్‌ను వదిలేస్తుంది, అది మాత్రం అట్లనే తిరుగుతూ ఉంటుంది.

ఇది నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల కింద ఒక సెలక్షన్ రోజు పరకాల వైపు నుంచి వచ్చిన పిల్లవాడు, అరువు సైకిల్, కాన్వాస్ షూ, ఫ్లాట్ పెడల్. మూడో రౌండ్‌లో బాగానే వేగం అందుకున్నాడు. ట్రాక్ ఏటవాలుగా ఉండే వంపులో కుడికాలు జారింది. తిరిగొచ్చిన పెడల్ పిక్క మీద కొట్టింది. మళ్లీ పాదం పెట్టబోతే ఈసారి ముందు ఎముక మీద కొట్టింది. భయంతో రెండు కాళ్లూ వెడల్పుగా గాల్లోకి ఎత్తేశాడు, చిన్నపిల్లలు దిగుడులో ఎత్తినట్టు. హ్యాండిల్ వణికింది, సైకిల్ వంపు మీద నుంచి కిందికి జారి లోపలి గడ్డిలో పడింది. మేము పరుగెత్తి వెళ్లేసరికి సాక్స్ అంతా రక్తం, పెడల్ అంచు గీసిన గీత తెల్లగా ఎముక దాకా కనిపిస్తోంది. వాడు ఏడవలేదు, సైకిల్ పాడైందా అని అడిగాడు. మళ్లీ ట్రాక్ ఎక్కలేదు. ఈ పాయింటు రాసినాయన ఆ కాలు చూసి ఉంటే 'ఫ్లాట్ పెడల్ సేఫ్' అని రాయడానికి చేతులు వచ్చేవి కావు. పంపుతున్నవాళ్లకు కూడా చెబుతున్నా, మీ మీద కోపం లేదు, కానీ ఈ ఒక్క పాయింటు డిలీట్ చేయండి.

రెండోది దీనికి తమ్ముడు. స్ప్రింగ్ లూజ్ చేయమనడం అంటే క్లీట్ పెట్టి కూడా ఫ్లాట్ పెడల్ చేసుకోమనడమే. ట్రాక్ మీద కాలు ఎక్కువగా ఊడేది నిలబడి స్టార్ట్ తీసుకునేటప్పుడు. ఒక కాలు బలమంతా పెట్టి తొక్కుతుంది, రెండోది అంతే బలంగా పైకి లాగుతుంది. ఆ లాగుడుకు క్లీట్ ఊడితే మనిషి ఛాతీ హ్యాండిల్ మీద పడుతుంది. పెడల్ వెనకవైపు ఉండే చిన్న స్క్రూను ప్లస్ గుర్తు వైపు కొంచెం తిప్పి, గోడ పట్టుకుని సైకిల్ మీద కూర్చుని, కాలు నిట్టనిలువుగా ఎంత బలం ఉంటే అంత లాగి చూడాలి. ఊడితే ఇంకొంచెం తిప్పాలి. మడమ పక్కకు తిప్పినప్పుడు మాత్రం పిల్లవాడు తనంతట తాను కాలు తీసుకోగలగాలి. రెండు పెడళ్లకూ సమానంగా తిప్పాలి. పెద్ద స్ప్రింటర్లు ఇంత బిగించి కూడా నమ్మకం చాలక, క్లీట్ మీద నుంచి ఇంకో స్ట్రాప్ వేసుకుంటారు.

అసలు ఆ మెసేజ్‌లో రాయాల్సింది క్లీట్ అరుగుదల గురించి. రోడ్డు షూకు వచ్చేది ప్లాస్టిక్ క్లీట్. దాన్ని వేసుకుని సిమెంటు మీద, కంకర మీద నడిస్తే పెడల్‌ను పట్టుకునే ముందు అంచు, అంటే దాని పెదవి, అరిగి పలచబడుతుంది. స్ప్రింగ్ ఎంత బిగించినా అరిగిన పెదవి పట్టు నిలవదు. చెప్పులు వేసుకుని ట్రాక్ దాకా పొండి, షూ అక్కడ తొడుక్కోండి. నెలకోసారి షూ తిప్పి ఆ అంచు మీద గోరు పెట్టి చూడండి.

సైజు సంగతి. జూన్‌లో బడి షూ కొనేటప్పుడు మన ఇళ్లలో ఇదే అలవాటు, వచ్చే ఏడాదికి కూడా వస్తుందని ఒక సైజు పెద్దది తీసుకుంటాం. సైక్లింగ్ షూకు అది పనికిరాదు. కాలు పైకి లాగినప్పుడు మడమ లోపల లేస్తే, స్టార్ట్‌లో పెట్టిన బలంలో కొంత అక్కడే పోతుంది, బొబ్బలు అదనం. సాయంత్రం, కాళ్లు కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు, తొక్కేటప్పుడు వేసుకునే సాక్స్‌తోనే తొడిగి చూడండి. ముందు వేళ్లు కదలాలి, వెనక మడమ కదలొద్దు. కాలు పెరిగితే షూ పెద్ద పిల్లల దగ్గర తీసుకోండి, మీది చిన్నవాళ్లకు ఇవ్వండి. గ్రూపులో ఆ పని చేయొచ్చు, ఈ ఫార్వర్డ్‌ల బదులు.

క్లీట్ వేళ్ల కింద పెడితే పవర్ రాదు, పిక్క నొప్పి, మడమ వెనక నరం నొప్పి వస్తాయి. షూ తొడిగి, బొటనవేలి వెనక ఉబ్బెత్తుగా ఉండే ఎముకను పక్క నుంచి తడిమి సుద్దముక్కతో గుర్తు పెట్టండి, చిటికెన వేలి వైపు కూడా అట్లనే. పెడల్ ఇరుసు ఆ రెండు గుర్తుల మధ్యకు రావాలి. ఇంకో మాట, క్లీట్ రంగు చూసి మోసపోవద్దు. షిమానో కంపెనీ క్లీట్లలో ఎరుపు అంటే కాలు అసలు పక్కకు కదలదు, 0 డిగ్రీలు. నీలం 2, పసుపు 6. అదే లుక్ కంపెనీ కియో క్లీట్లలో ఎరుపు అంటే 9 డిగ్రీలు, బూడిదరంగు 4.5, నలుపు 0. 'ఎరుపు తీసుకో' అని ఒకరు చెప్పింది విని ఇంకో కంపెనీది కొంటే పూర్తిగా తలకిందులు. ఎదిగే పిల్లల మోకాళ్లకు కొంచెం కదలిక ఉన్నదే మంచిది, షిమానో పసుపుతో మొదలుపెట్టండి.

పెడల్ వెడల్పు పాయింటుకు ఒక్క మాట చాలు: వంపు మీద నెమ్మదిగా పోతే కుడి పెడల్ ట్రాక్‌కు తగులుతుంది. అందుకే అక్కడ చాలామంది 165 మిల్లీమీటర్ల పొట్టి క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) వాడతారు. వెడల్పు పెడల్ పెట్టి ఆ పొట్టి క్రాంక్ లాభాన్ని ఎందుకు పోగొట్టుకోవాలి?

ఇక స్ట్రాప్ పెడళ్లు పారేయడం. 1984లో క్లీట్ తగిలించే లుక్ పెడల్ వచ్చి, 1985లో ఫ్రాన్స్ రేసర్ బెర్నార్డ్ ఇనో దాంతో టూర్ డి ఫ్రాన్స్ గెలిచే దాకా పెద్ద పెద్ద రేసులన్నీ స్ట్రాపుల మీదే నడిచాయి. జపాన్‌లో 1948 నుంచి జరుగుతున్న కేరిన్ అనే ట్రాక్ సైకిల్ పందాల్లో ఇప్పటికీ టో క్లిప్ (పెడల్ ముందు వేళ్లను ఆపే కొక్కెం), స్ట్రాపే. వాళ్లు తొక్కే వేగం మన దగ్గర ఎంతమంది తొక్కుతారు? క్లీట్ షూకు పైసలు లేని ఇంట్లో, గట్టి అట్ట ఉన్న షూ, టో క్లిప్, రెండు స్ట్రాపులు మొదటి ఆరు నెలలకు మంచి దారి. స్ట్రాప్ బిగించడం, చేత్తో వదులు చేసుకోవడం ముందు ఇంటి దగ్గర నేర్పాలి, అంతే.

చివరి పాయింటు, కార్బన్ షూ పిల్లలకు దండగ అన్నది. ఇది నూటికి నూరు పాళ్లు నిజం. మా గ్రూపులోనే దీనికి ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, ఒకప్పుడు నేనూ ఒప్పుకోలేదు, అప్పు చేసి కొన్నాను. గట్టి నైలాన్ సోల్, మూడు వెల్క్రో పట్టీలు ఉన్న షూ పదమూడేళ్ల పిల్లవాడి కాలు బలానికి వంగదు. ఖరీదైన షూను బిగించే డయల్ పగిలితే విడిభాగం మన ఊళ్లో దొరకదు, వెల్క్రో అయితే చెప్పులు కుట్టే ఆయన కూడా మార్చి ఇస్తాడు. కొనేటప్పుడు షూ అడుగున మూడు రంధ్రాలు ఉన్నాయో రెండు ఉన్నాయో చూడండి. రెండు రంధ్రాలది కొండ సైకిళ్ల చిన్న ఇనుప క్లీట్‌కు, మనకు కావాల్సింది మూడు.

తమ్ముడూ, నువ్వు ఆన్‌లైన్‌లో పెట్టిన ఆర్డర్ ఇంకా బయలుదేరకపోతే క్యాన్సిల్ చెయ్. ఆదివారం పొద్దున బాబును, సైకిల్‌ను తీసుకుని మా ఇంటికి రా. మా పెద్దోడి పాత షూ ఉన్నాయి, కొత్త పసుపు క్లీట్లు ఒక జత ఉన్నాయి, అలెన్ కీ ఉంది. వరండాలో గోడ పట్టించి కూర్చోబెట్టి లాగించి చూద్దాం.