టెంప్టేషన్ అంటే పాపపు కోరికేనా?

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఇంగ్లీషు పదాల కార్డుల్లో ఈ మాట తరచూ కనిపిస్తుంది: "టెంప్టేషన్ అంటే పాపపు కోరిక. తెలుగులో ప్రలోభం. టెంప్ట్ అయ్యాడంటే తప్పు చేసేశాడని. దీనికి బహువచనం లేదు." నాలుగు ముక్కల్లో ఏదీ పూర్తిగా సరికాదు.

మొదట పాపం సంగతి. ఈ పదానికి మూలం లాటిన్ 'టెంప్టారే', అంటే పరీక్షించి చూడటం. ప్రయత్నం అనే అర్థమున్న 'అటెంప్ట్' కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు, ఆదికాండం 22లో దేవుడు అబ్రాహామును 'టెంప్ట్' చేశాడనే రాసింది. కొడుకును బలి ఇమ్మని అడిగి అబ్రాహాము భక్తిని దేవుడు పరీక్షించిన కథ అది. అక్కడ పాపానికి పురికొల్పాడని చెప్పుకుంటే కథే తలకిందులవుతుంది. తెలుగు బైబిలు అక్కడ 'పరిశోధించెను' అంది. యేసు నేర్పిన పరలోక ప్రార్థనలో 'టెంప్టేషన్'ను 'శోధన' అంది. ఈ పరీక్ష అర్థం ఇప్పుడు మామూలు ఇంగ్లీషులో దాదాపు వినిపించదు. ఇవాళ్టి అర్థం: వద్దని తెలిసీ మనసు లాగడం. షుగరున్న మనిషి ముందు జిలేబీ పళ్లెం, పరీక్ష ముందురోజు క్రికెట్ మ్యాచ్, రెండూ టెంప్టేషన్లే. వీటిలో పాపమేముంది?

ప్రలోభం కొన్నిచోట్ల సరిపోతుంది, అన్నిచోట్లా కాదు. ఓటర్లను డబ్బుతో ప్రలోభపెట్టారంటే ఎవరో కావాలని ఎర వేశారని. దానికి ఇంగ్లీషులో 'ఇండ్యూస్‌మెంట్' సరైన మాట. పాపం, జిలేబీకి ఏ దురుద్దేశమూ లేదు.

అసలు చిక్కంతా మూడో ముక్కలో ఉంది. "ఆఫర్ చూసి టెంప్టయిపోయా" అని మనమంటే కొనేశామనే. ఇంగ్లీషులో 'ఐ వాజ్ టెంప్టెడ్ టు బై ఇట్' అంటే కొనాలనిపించిందని మాత్రమే. చాలాసార్లు కొనలేదనే ధ్వని కూడా ఉంటుంది. లొంగిపోతే 'గేవ్ ఇన్ టు ద టెంప్టేషన్' అనాలి, నిగ్రహించుకుంటే 'రెసిస్టెడ్ ద టెంప్టేషన్'. 'గేవ్ ఇన్' తర్వాత 'టు' తప్పనిసరి, 'రెసిస్ట్' తర్వాత రాకూడదు. ఏం చేయాలనిపించిందో చెప్పాలంటే 'టెంప్టేషన్ టు స్పెండ్' లాగా 'టు' పెట్టి క్రియ వేయాలి.

బహువచనం నిక్షేపంగా ఉంది. లాగే వస్తువులు నాలుగైతే అవి 'టెంప్టేషన్స్'.

కార్డులు చెప్పని పొరపాటు ఇంకొకటుంది. బిర్యానీ చూసి 'ఐ యామ్ టెంప్టింగ్' అనేవాళ్లున్నారు. నోరూరించేది టెంప్టింగ్, నోరూరినవాడు టెంప్టెడ్. అలా అంటే బిర్యానీ బదులు మిమ్మల్నే వడ్డించమన్నట్టు.